బొంగురు రాయి

పలకరాయి మంచిదో కాదో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. తట్టి వినాలి. మార్కాపురంలో హజరత్ వలి ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. గని నుంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, పలకలుగా కోసి కుప్ప పోస్తారు. ఆయన ఆ కుప్ప పక్కన గోనెసంచి మీద కూర్చుని ఒక్కొక్కదాన్ని అంచు పట్టుకుని ఎత్తి, వేలి మెటికతో ఒక్కసారి తడతాడు. ఖంగుమంటే కుడిపక్కకు. బొంగురుగా పలికిందంటే లోపలెక్కడో పొర విడిచిందని అర్థం, అది ఎడమపక్కకు. పైకి చూస్తే రెండూ ఒకే నలుపు, ఒకే నునుపు. బొంగురు రాయి పొడిగా ఉన్నన్నాళ్ళూ బుద్ధిమంతురాలే. కడిగి ఎండలో పెట్టారా, అప్పడంలా పొర లేచి ఊడుతుంది.

పలకల కార్ఖానాలో ఒక కట్టు ఉంది. ఏరేవాడు మంచిదని చేతికిచ్చిన రాయిని, దాని చుట్టూ కొయ్య చట్టం బిగించేవాళ్ళు మళ్ళీ తట్టి చూడరు. చూశారంటే ఏరినవాడిని నలుగురిలో దొంగ అన్నట్టే. ఏరేవాడు కూడా అందుకు తగ్గట్టే ఉండాలి. అనుమానం ఉన్న రాయిని కింద పెట్టాలి తప్ప ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. కాగితం మీద ఎక్కడా రాసి లేదు గానీ, కాగితం మీద రాసినవాటికంటే అక్కడ ఇదే గట్టిగా నడుస్తుంది.

వలి కూతురు తస్లీమ్‌కు తండ్రి చెవి వచ్చింది. ఏడేళ్ళప్పుడు సెలవుల్లో తండ్రి పక్కన చేరితే, ఆయన ఒక రాయి తట్టి "చెప్పు" అనేవాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని "బొంగురు, అబ్బా" అని తండ్రికి చెప్పేది. పదేళ్ళు వచ్చేసరికి ఒక్కటీ తప్పేది కాదు. "వలి కాడికి రాళ్ళు రాకుంటే మానె, కూతురు కాడికి తోలండి" అని కార్ఖానాలో వేళాకోళం చేసేవాళ్ళు.

ఆ ఏడేళ్ళ వయసులోనే బొమ్మలు గీయడం పట్టుబడింది. పాత గొడుగు ఊచను రాతి మీద అరగదీసి మొన తేల్చి, నల్లటి రాయి మీద గీకితే తెల్లగా గీత పడుతుంది. నెమలి, సైకిలు, మేక, పక్కింటి మంచం, కనబడినదల్లా గీసేది. మొదట్లో తెలియక పారేసిన బొంగురు రాళ్ళ మీద గీసింది. వానకు తడిసి ఎండకు ఎండి ఒక్కొక్క బొమ్మే పొర లేచిపోతుంటే గుక్కపట్టి ఏడ్చింది. ఆ తర్వాత అంచు విరిగినా సరే, ఖంగుమనే ముక్కలే ఏరుకునేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బొమ్మ ఊడిపోవడమంటే ఏమిటో తస్లీమ్‌కు బాగా తెలుసు. తెలియక చేసిందని ఎవరూ జాలిపడకూడదు కనుక ముందే చెప్పడం.

ఇప్పుడా పిల్లకు పంతొమ్మిది. ఊళ్ళోనే డిగ్రీ రెండో ఏడు. ఇంట్లో కిటికీ గూట్లో, పెట్టె మీద, మంచం కింద అన్నీ ఆమె గీసిన పలకలే. అది కళ అని మాత్రం ఇంట్లో ఎవరికీ తోచలేదు. "గీకుడు" అనేవాళ్ళు. వాళ్ళ దాదీ, వలి తల్లి చాంద్బీ అయితే, "క్యా మా, మళ్ళా గీకుడేనా? పళ్ళు పులుస్తాండాయి" అని చెవులు మూసుకునేది.

దాన్ని కళ అన్నది నాగజ్యోతి. బజారులో టోకు కిరాణా దుకాణం నడిపే నాగభూషణరావుగారి అమ్మాయి, తస్లీమ్ క్లాసే. శ్రావణమాసంలో నోట్సు కోసం ఇంటికి వచ్చి, కిటికీలో పలకలు చూసి చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నిలబడింది.

"ఇవన్నీ నువ్వు గీసినవేనా తస్సూ! ఇంత కళ పెట్టుకోని కాలేజీలో ఏమీ తెలవనట్టు కూచుంటావేందే? నాకు నేర్పవే."

నేర్పింది. సంతోషంగానే నేర్పింది. ఒకరు తనను గురువుగా చూస్తే ఎవరికి చేదు? ఊచ ఎట్లా పట్టుకోవాలి, గీత ఎక్కడ లోతుగా పోవాలి, రాతిపొడిని ఎట్లా ఊదాలి, చివర కడిగి ఎండలో ఎట్లా ఆరబెట్టాలి, అన్నీ చెప్పింది. రాయిని తట్టి వినడం కూడా చెప్పింది. జ్యోతికి చెవి అంత త్వరగా పట్టుబడలేదు. పది రాళ్ళలో మూడు తప్పేది. తస్లీమ్ నవ్వేది. ఆ నవ్వులో కొంచెం తృప్తి కూడా ఉండేదని మనం ఒప్పుకోవాలి.

ఏకు మేకవుతుందన్న సంగతి కంభం చెరువు కట్ట మీద తెలిసింది.

వానలు వెనకపట్టి, ఆకాశం తేటపడి, చెరువు నిండుగా ఉన్న రోజులు. ఒడ్డున రెల్లు తెల్లగా పూసింది. ఒక ఆదివారం మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి ముగ్గురూ కంభం వెళ్ళారు. మూడో అమ్మాయి ఝాన్సీ, పెద్దారవీడు నుంచి రోజూ బస్సులో కాలేజీకి వచ్చే పిల్ల. నోట్లో నువ్వుగింజ నానదు. బొమ్మలు రావు గానీ, ఫోటోలు తీసి ఊరంతా చూపించడంలో ఆరితేరింది. జ్యోతి పులిహోర తెచ్చింది, ఝాన్సీ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చింది, తస్లీమ్ దాదీ కాల్చిచ్చిన తీపి రొట్టెలు తెచ్చింది. తిని, కట్ట మీద నడిచి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, పాటలు పాడి, ఆ తర్వాత పలకలు తీశారు.

తస్లీమ్ మొత్తం చెరువును గీసింది. కొండలు, కట్ట, తూము, నీళ్ళు, కొంగలు, ఏదీ వదలలేదు. జ్యోతి ఒక గేదె వీపు, మెడ, దాని మీద ఒక కొంగ గీసింది. మిగతా పలకంతా నల్లగా వదిలేసింది.

గేదెలు కాసుకునే ముసలాయన ఒకడు ఊతకర్ర ఆనించుకుని ఇద్దరి పలకలూ చూశాడు. తస్లీమ్‌ది చూసి, "చెరువు బాగా ఏసినావు తల్లీ" అన్నాడు. జ్యోతిది చూసి గొంతుక్కూర్చున్నాడు. కిసుక్కున నవ్వాడు.

"ఇది మా వంకరకొమ్ముదే! మెడ అట్నే తిప్పుద్ది, ఈగలు ముసిరితే. యాడ చూసినావమ్మా దీన్ని?"

పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ పలక వైపే చూశాడు. ఝాన్సీ అప్పటికే ఫోటో తీసి స్టేటస్ పెట్టేసింది. పెట్టింది గేదెను. చెరువును కాదు.

తస్లీమ్‌కు కడుపులో ఎక్కడో చిన్నగా మండింది. ఆకలేమో అనుకుంది. అప్పుడే కదా తిన్నది!

తిరుగు రైల్లో జ్యోతి పలకను ఒళ్ళో పెట్టుకుని, "నాది ఎట్లుందే తస్సూ?" అని అడిగింది.

"గీత ఇంకా లోతుగా పోవాల. నలుపు చానా వదిలేసినావు" అంది తస్లీమ్.

అబద్ధం కాదు. నిజమూ కాదు. జ్యోతి బుద్ధిగా తల ఊపి, ఇంటికి వెళ్ళి గీతలు లోతుగా పోవడం సాధన చేసింది. అది ఇంకా ఒళ్ళు మండించే విషయం. తిట్టినా నేర్చుకునేవాళ్ళతో ఎవరు వేగగలరు?

అప్పటి నుంచి జ్యోతి ఏది గీసినా తెచ్చి అదే మాట అడిగేది. "ఎట్లుందే?" తస్లీమ్ ప్రతిసారీ ఒక తప్పు వెతికి ఇచ్చేది. తప్పు దొరకనినాడు, "పొడి సరిగ్గా ఊదలేదు" అనేది.

ఒకరోజు జ్యోతి తస్లీమ్ ఇంటికి వచ్చి, చాంద్బీ చేటలో బియ్యం ఏరుకుంటుంటే ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతూ గీసింది. మొహం లేదు, మనిషి లేదు. ముడతల చేతులు రెండు, చేట అంచు, ఒక గాజు. చాంద్బీ ఆ పలకను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "యా అల్లా, ఇవి నా చేతులే" అని కళ్ళు తుడుచుకుంది. పళ్ళు పులుస్తున్నాయన్న ముసలమ్మే! తీసుకుపోయి కిటికీ గూట్లో పెట్టింది. ఎక్కడ? తొమ్మిదేళ్ళుగా తస్లీమ్ నెమలి ఉన్న చోట. నెమలి వెనక్కి పోయింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? తస్లీమ్ మరునాడు పొద్దున ఊడుస్తూ నెమలిని ముందుకు జరిపింది. సాయంత్రానికి చేతులు మళ్ళీ ముందుకు వచ్చాయి. మూడు రోజులు నడిచింది ఈ సర్దుడు. నాలుగో రోజు తస్లీమ్ నెమలిని తీసి మంచం కిందికి తోసేసింది.

దసరా సెలవుల్లో ఝాన్సీ వాళ్ళ ఊరికి పోయారు. కంది పూత మీద ఉంది, చేనంతా పసుపు. ఝాన్సీ వాళ్ళ నాయన ఏబేలు అడవి అంచు నుంచి బుట్టెడు సీతాఫలాలు తెచ్చి చేని గట్టున కుమ్మరించాడు. చేతులు, మూతులు జిగటయ్యేదాకా తిన్నారు. గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకుంటే ఏబేలు గెలిచాడు. తస్లీమ్ కడుపుబ్బ నవ్వింది. ఆ పూటంతా బాగానే ఉంది, ఎందుకంటే జ్యోతి సంచిలోంచి పలక తీయలేదు. సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు ఏబేలు మాత్రం జ్యోతినే అడిగాడు. "బొమ్మలేసే పాప నువ్వేనంట గదా? మా ఝాన్సీ ఫోన్లో చూపించింది. ఈసారి వచ్చినప్పుడు మా ఎద్దుల్ని ఏద్దువు."

"నాకు నేర్పింది తస్లీమే చిన్నాయనా" అంది జ్యోతి.

"అట్నా" అన్నాడు ఏబేలు, మర్యాదకు.

ఆ "అట్నా" తస్లీమ్ చెవిలో మార్కాపురం చేరేదాకా మోగింది. జ్యోతి పేరు నొక్కేసి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. కారణం కూడా దొరకనివ్వని మనిషిని ఏం చేయాలి?

సెలవులు అయ్యాక కాలేజీలో అనంతలక్ష్మి మేడం ఒక కబురు చెప్పింది. విజయవాడలో పదిరోజుల కళా శిబిరం. చేయి తిరిగిన చిత్రకారులు వచ్చి నేర్పుతారు. కాలేజీకి ఒక్కరికే చోటు. ఊరి కళ ఏదైనా చేసి శనివారం మధ్యాహ్నానికి తెచ్చి పెట్టాలి, చూసి ఒకరిని పంపుతారు.

డిగ్రీ అయ్యాక ఏముందో తస్లీమ్‌కు తెలుసు. ఏదో ఒక కంప్యూటర్ సెంటరు, లేకుంటే దుకాణంలో బిల్లులు. ఆమెను గీకేపిల్ల అని కాకుండా బొమ్మలేసే మనిషి అని పిలిచేచోటు ఈ భూమ్మీద ఉందంటే అది ఆ శిబిరమే. పన్నెండేళ్ళు గీసింది. ఆ చోటు తనది. క్లాసంతా అప్పుడే జ్యోతి వైపు తిరిగి చూస్తోంది.

ఆ ఆదివారం జ్యోతి రాయి కోసం వచ్చింది. "నాకొక మంచి రాయి ఏరియ్యవే తస్సూ. నా చెవి సంగతి నీకు తెలుసు గదా." అని, చాంద్బీ పిలిస్తే టీ తాగడానికి లోపలికి పోయింది.

ఇంటి వెనక హజరత్ వలి గోడకు ఆనించి ఉంచిన పలకలు కొన్ని ఉన్నాయి, ఇంకా ఏరనివి. తస్లీమ్ ఒకటి ఎత్తి తట్టింది. ఖంగుమంది. పక్కన పెట్టింది. ఇంకొకటి ఎత్తింది. అడుగున్నర పొడుగు, చిన్న మరక లేదు, అంత చక్కటి నలుపు ఆమె ఈ ఏడు చూడలేదు. తట్టింది. బొంగురు.

ఇంకోసారి తట్టింది. బొంగురే.

లోపల జ్యోతి ఏదో అంటే దాదీ పగలబడి నవ్వుతోంది. తనతో అట్లా ఎప్పుడు నవ్వింది? తస్లీమ్ ఆ రాయిని కింద పెట్టలేదు. చున్నీ చెంగుతో దుమ్ము తుడిచి, జ్యోతి బయటికి రాగానే చేతికిచ్చింది.

"ఎంత బాగుందే!" అంది జ్యోతి.

"చూసే ఇచ్చినా" అంది తస్లీమ్. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

తర్వాత రెండు రోజులు తస్లీమ్ చెన్నకేశవస్వామి గుడి గోపురం గీస్తూ కూర్చుంది. అంతస్తులు, బొమ్మలు, కలశాలు, సందుల్లో పావురాలు. చేయి నడుస్తున్నా మనసు నిలవలేదు. పోయి చెప్పేద్దామనుకుంది. రాయి మార్చుకోవే అంటే అయిపోతుంది, ఇంకా మూడు రోజులున్నాయి. మంగళవారం కాలేజీ నుంచి అటే జ్యోతి ఇంటికి పోయింది. చెప్పాలనే పోయింది.

జ్యోతి మేడ మీద నీడలో కూర్చుని గీస్తోంది. సగం అయింది. తస్లీమ్ చూసింది.

ఒక చెవి. దాని పక్కకు వంగిన తల. ఒక పలక అంచు. వంచిన వేలి మెటిక, తట్టడానికి వెంట్రుకవాసి దూరంలో. మిగతాదంతా నలుపు. ఆ నలుపులో రాయి ఇంకా పలకలేదు, ఆ మనిషి వినడానికి ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఆ మనిషి ఎవరో చెప్పనక్కరలేదు. పంతొమ్మిదేళ్ళుగా రోజూ తస్లీమ్ కళ్ళ ముందు కూర్చున్న మనిషి. ఊళ్ళో గేదెల్నీ సైకిళ్ళనూ గోపురాలనూ గీసింది గానీ, తండ్రిని గీయాలని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. అది తన బొమ్మ. తను గీయవలసిన బొమ్మ. ఈ జ్యోతి వచ్చి ఎత్తుకుపోయింది.

"వలి మామను గీస్తున్నా. ఎట్లుందే?" అంది జ్యోతి, తల ఎత్తకుండా.

"మెటిక కొంచెం లావైంది" అని చెప్పి తస్లీమ్ మెట్లు దిగింది. రాయి సంగతి చెప్పలేదు. అప్పటిదాకా చేసింది ఒక ఎత్తు, ఆ మెట్లు దిగడం ఒక ఎత్తు. బజారంతా నడుస్తూ, పోతే పోనీ, ఊడితే ఊడనీ అని మనసులో అంటూనే ఉంది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే వినడమే గానీ, అంత మంట ఉంటుందని అప్పుడు తెలిసింది.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి హజరత్ వలి అన్నం తింటున్నాడు. వాకిట్లో ఆటో ఆగింది. జ్యోతి దిగింది. చున్నీలో ఏదో చుట్టి గుండెలకు హత్తుకుంది. మొహం ఉబ్బిపోయి ఉంది.

"తస్సూ, పోయిందే. అంతా పోయింది" అని అరుగు మీద కూర్చుని చున్నీ విప్పింది. పలక అడుగుభాగం ఒకటి. దాని మీది నుంచి లేచిన పొర ముక్కలు ఏడెనిమిది. ఒక ముక్క మీద చెవి ఉంది. ఒక ముక్క మీద సగం వేలు. "నిన్న కడిగి, ఈ పొద్దు ఎండకు పెట్టినా. నువ్వు చెప్పినట్టే చేసినా. ఎక్కువసేపు కడిగినానేమో, గట్టిగా అదిమినానేమో. ఇంత మంచి రాయి ఏరిస్తే పాడు చేసినానే."

హజరత్ వలి చేయి కడుక్కుని వచ్చాడు. ముందు పొర ముక్కను వేళ్ళ మధ్య పట్టుకుని అంచు చూశాడు. ముప్పై ఏళ్ళ చేతులకు ఆ అంచు చాలు.

"నీ తప్పేం లేదమ్మా. ఇది ముందే విడిచిన రాయి. తట్టి చూసుకోలేదా?"

జ్యోతి తల దించుకుంది. "ఇంటికి పోయినాంక చూసినా మామా."

"ఎట్ల పలికింది?"

"బొంగురుగానే అనిపించింది. తస్లీమ్ ఏరిచ్చింది గదా, నా చెవికే ఇంకా తెలవడం లేదనుకున్నా." చిన్నగా అంది. "ఏరిచ్చిన రాయిని మళ్ళా తట్టగూడదంట గదా. తట్టినాక సిగ్గేసింది మామా. తస్లీమ్‌ను అనుమానించినట్టయిందే అని ఒకటే బాధ."

చాంద్బీ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. హజరత్ వలి కూతురి వైపు చూశాడు. ఆయన చేతిలోని ముక్క మీద ఉన్నది తన చెవే అని ఆయనకు ఇంకా తెలిసినట్టు లేదు.

"పొరపాటు పడినావేమో బేటా" అన్నాడు. అడిగినట్టు లేదు, బతిమాలినట్టుంది. పదేళ్ళప్పటి నుంచి ఒక్క రాయీ తప్పని పిల్ల అని ఆయనకంటే ఎవరికి తెలుసు? ఒక్క "ఔను" అంటే చాలు. అందరూ నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. అన్నిటికంటే జ్యోతి.

"పొరపాటు కాదు అబ్బా. తెలిసే ఇచ్చినా" అంది తస్లీమ్.

జ్యోతి అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది.

"ఎందుకే?"

ఎన్నో చెప్పవచ్చు. తస్లీమ్‌కు ఒక్కటే నోట వచ్చింది. "నీది బాగుంటాదని. నాకంటే బాగా గీస్తావని. ఓర్చుకోలేకపోయినా."

జ్యోతి మొహం తుడుచుకుంది. తిడుతుందనుకుంది తస్లీమ్. కొట్టినా బాగుండేది.

"నిజంగా బాగుంటాదనేనా?" అంది జ్యోతి.

తస్లీమ్ తల ఊపింది.

"రెండు నెల్ల నుంచి అడుగుతాండా. ఎట్లుందే, ఎట్లుందే అని. ఊరంతా బాగుందన్నారు. వాళ్ళకేం తెలుసు? నువ్వొక్కదానివి బాగుందంటే చాలనుకున్నా." సగం వేలున్న ముక్కను ముట్టుకుంది. "నీ నోట ఆ మాట వినాలనే గదే ఇది గీసింది. వలి మామను గీస్తేనన్నా బాగుందంటావేమోనని."

హజరత్ వలి లేచి ఇంటి వెనక్కి పోయాడు. తట్టిన చప్పుడు వినబడింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఖంగుమన్నదాన్ని తెచ్చి జ్యోతి పక్కన పెట్టాడు.

"ఇంకా పూటంతా ఉండాది. గీస్తావా తల్లీ?"

"చెయ్యి రాదు మామా. మీ మీద కోపమేం లేదు" అని జ్యోతి లేచింది. ముక్కలు తీసుకుపోలేదు, ఆ కొత్త రాయీ తీసుకుపోలేదు. వలి ఆమెను దుకాణం దాకా దిగబెట్టి వచ్చాడు. తిరిగి వచ్చాక కూతురితో మాట్లాడలేదు. ముక్కలను అరుగు మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని చాలాసేపు కూర్చున్నాడు. సగం పేర్చాక తన చెవిని గుర్తుపట్టినట్టున్నాడు, చేయి తనంతట అదే పోయి చెవి తడుముకుంది.

శనివారం తస్లీమ్ కాలేజీకి పోకూడదనుకుంది. పోయింది. పోకుండా ఉండలేకపోయిందంటే నిజం. హాల్లో బల్లల మీద ఏడెనిమిది మంది పనులున్నాయి. కుట్లు, ముగ్గులు, మట్టిబొమ్మలు. పలక ఒక్కటే. అనంతలక్ష్మి మేడం గోపురం చూసి, "ఎంత ఓపిక తల్లీ నీకు" అని భుజం తట్టింది. జ్యోతిది ఏదని అడిగితే ఝాన్సీ నోరు తెరిచింది, జ్యోతి ముందే చెప్పొద్దన్నట్టుంది, తెరిచిన నోరు అట్లాగే మూసింది. ఆ పిల్ల అంతసేపు మౌనంగా ఉండడం కాలేజీ అదే మొదటిసారి చూడడం.

"పగిలిపోయింది మేడం" అన్న గొంతు వెనక నుంచి వినబడింది. జ్యోతి వచ్చింది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

మధ్యాహ్నానికి తస్లీమ్ పేరు చదివారు. చప్పట్లు కొట్టారు. అందరూ వచ్చి చేతులు కలిపారు. తస్లీమ్ వాళ్ళ భుజాల మీదుగా బల్ల వైపు చూస్తోంది. జ్యోతి అక్కడ నిలబడి గోపురం పలకను చూస్తోంది. ఊరికే చూసి పోవడం కాదు. కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి చదువుతోంది, తప్పులు వెతకడానికి కాదు.

గుంపు పలచబడ్డాక దగ్గరికి వచ్చింది.

"బాగుంది తస్లీమ్" అంది. తస్సూ అనలేదు. "ఆ సందుల్లో పావురాలు చానా బాగొచ్చినాయి. ఒకటి రెక్క విదిలిస్తాంది చూడు, అది నిజంగా బాగుంది."

ఆ పావురం దగ్గర తస్లీమ్ చేయి ఒక్కపూటంతా ఆడింది. మొత్తం పలకలో ఆమెకు నచ్చింది అదొక్కటే. ఇంకెవరూ దాన్ని చూడలేదు.

జ్యోతి అప్పటికే ఝాన్సీతో కలిసి మెట్లు దిగుతోంది. బాగుంది అన్న ఆ మాట రెండు నెలలు తస్లీమ్ గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేక, కక్కలేక, చివరికి ఒక రాయితో కొట్టి చంపాలని చూసిన మాట. దాన్ని అనకుండా ఉండే హక్కు ఈ లోకంలో ఒక్కరికి ఉందంటే జ్యోతికే ఉంది. ఆమె అలవోకగా అనేసి వెళ్ళిపోయింది.

విజయవాడ చోటు తనదే. తస్లీమ్ చేతిలో శిబిరం కాగితం ఉంది. అయినా మెట్ల మీద ఆ వీపు వైపు చూస్తూ, కంభం కట్ట మీద గానీ, ఆ మేడ మీద గానీ పడనంత అసూయ ఆమె అప్పుడు పడింది. గీత అయితే సాధన చేస్తే వస్తుంది, ఆ మాటను అట్లా అనేయడం?